మా పాప వేళ్ళ కణుపులు వాచాయి, వారానికోసారి వేసే మందు రాశారు, మొదలుపెట్టాలంటే భయంగా ఉంది

భవానీపురం_అమ్మ:

అందరికీ నమస్తే అండి. మాది విజయవాడ. మా పాపకి ఆరు నిండి ఏడో ఏడు నడుస్తోంది, ఒకటో క్లాసు. పోస్ట్ పెద్దదైపోయిద్ది, ఓపిగ్గా చదవండి ప్లీజ్, ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చుని టైప్ చేస్తున్నా.

ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేను, ఎందుకంటే పిల్ల ఒక్కరోజు కూడా నొప్పి అనలేదు. నాకు మొదట తేడా తెలిసింది అన్నం దగ్గర. మూడేళ్ళప్పటి నుంచి పప్పన్నం తనే కలుపుకుని తినేది, ఉన్నట్టుండి ఒకరోజు స్పూన్ కావాలంది. స్కూల్లో ఎవర్నో చూసొచ్చి స్టైల్ కొడుతోందిలే అని నవ్వుకున్నాం. తర్వాత పొద్దున్నే యూనిఫాం గుండీలు నువ్వే పెట్టు అనడం, బ్రష్ ని రెండు అరచేతుల మధ్య ఇరికించి తోముకోవడం. స్కూల్ బద్ధకం అనుకుని రెండు దెబ్బలు కూడా వేశా, ఇప్పుడు గుర్తొస్తే నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపిస్తోంది. పదకొండు గంటలకల్లా అదే పిల్ల సుబ్బరంగా ఆడుకునేది, అందుకే నాటకాలు అనుకున్నాం.

దసరాకి కొండ మీదకి అమ్మవారి దర్శనానికి వెళ్ళాం. దణ్ణం పెట్టుకోమ్మా అంటే చేతులు జోడించింది గానీ అరచేతులు కలవట్లేదు, మధ్యలో పిచ్చుక గూడంత ఖాళీ. సరిగ్గా పెట్టు అంటే ఇంతే వస్తోంది అమ్మా అంది. క్యూలోనే చెయ్యి పట్టుకుని చూశా. కుడిచేతి మధ్యవేలు మధ్య కణుపు దగ్గర లావుగా ఉంది, పైన కిందా సన్నగా, వేలు మీద ఉండాల్సిన ముడతలు లేకుండా చర్మం నున్నగా సాగిపోయి ఉంది. ఎడమ చేతి ఉంగరం వేలు కూడా అంతే.

అక్కడి నుంచి మా తిరుగుడు మొదలు. ఎముకల డాక్టర్ వేలు తలుపులో పడి నలిగి ఉంటదని రెండు వారాలు కట్టు కట్టారు. కట్టు విప్పాక వాపు అలాగే ఉంది, వేలు ఇంకా బిగుసుకుపోయింది. రెండో చోట రక్త పరీక్షలు రాశారు, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే అంకె) 48, ఏఎస్ఓ పాజిటివ్, ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివ్. ఆర్ఏ లేదు కాబట్టి కీళ్ళవాతం కాదమ్మా, రుమాటిక్ ఫీవర్ (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత కీళ్ళకీ గుండెకీ వచ్చే జబ్బు) అని చెప్పి 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ మొదలుపెట్టారు. మూడు అయ్యాయి. ఇంజక్షన్ రోజు పిల్ల మంచం కిందకి దూరేది. వాపు మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

మా తమ్ముడు ఊరుకోక పోయిన నెల హైదరాబాద్ తీసుకెళ్ళి పిల్లల కీళ్ళ జబ్బులు చూసే రుమటాలజీ డాక్టర్ కి చూపించాడు. ఆవిడ ముప్పావుగంట చూశారు. ఒక్కో కణుపునీ రెండు వేళ్ళతో నొక్కి, మణికట్లు తిప్పి, నోరు పెద్దగా తెరిపించి, నేల మీద కూర్చోబెట్టి లేపి. మేము రెండు వేళ్ళే అనుకున్నాం, ఆవిడ ఏడు కీళ్ళు లెక్కపెట్టారు, కుడి మణికట్టు, ఎడమ మోకాలు కూడా. జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్, జేఐఏ, అంటే పిల్లలకొచ్చే కీళ్ళవాతం అన్నారు. నాప్రోక్సెన్ రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి, ఫోలిక్ యాసిడ్. వారంలోపు కళ్ళ పరీక్ష కూడా చేయించమన్నారు.

ఇక్కడికొచ్చి మందుల షాపులో చీటీ ఇస్తే ఆ అబ్బాయి ఇది క్యాన్సర్ వాళ్ళకిచ్చేది కదా మేడమ్, పాపకా అన్నాడు. అంతే, నా కాళ్ళు చల్లబడిపోయాయి. స్ట్రిప్ తెచ్చి బీరువాలో పెట్టా, 9 రోజులైంది, మొదలుపెట్టలేదు. మా అత్తయ్యగారు ఇది వాతమే, వంకాయ గోంగూర మాన్పించి ఊళ్ళో పొడి తెప్పిస్తా అంటున్నారు. మావారు నీ ఇష్టం అంటారు, ఆ మాట కంటే తిట్టినా బాగుండు. ఎవరైనా పిల్లలకి ఇది వాడినవాళ్ళు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బ్రాడీపేట_నాన్న:

అమ్మా, ముందు ఆ స్ట్రిప్ బీరువాలోంచి బయటికి తియ్యండి. మాది గుంటూరు. మావోడికి అయిదేళ్ళప్పుడు వచ్చింది, ఇప్పుడు పదకొండు. వాడు నిన్న సాయంత్రం మేడ మీద క్రికెట్ ఆడి పక్కింటోళ్ళ నీళ్ళ ట్యాంక్ మూత పగలగొట్టి వచ్చాడు, అదీ మా పరిస్థితి.

క్యాన్సర్ మందు అన్న మాట విని నేనూ మీలాగే వారం రోజులు నిద్ర పోలేదు. తర్వాత డాక్టర్ కూర్చోబెట్టి చెప్పాడు, బ్లడ్ క్యాన్సర్ కి ఇదే మందు గ్రాముల లెక్కన రక్తంలోకి ఎక్కిస్తారు, మనకిచ్చేది మిల్లీగ్రాములు, అదీ వారానికోసారి. పిల్ల పొడుగు బరువు చూసి ఒంటి వైశాల్యం లెక్కగట్టి ఒక చదరపు మీటరుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు అలా రాస్తారు. ఈ లెక్కలో అది క్యాన్సర్ మీద కాదు, మన రక్షణ వ్యవస్థ పొరపాటున మన కీలు పొర మీదే పడి కొరుకుతుంటే దాని దూకుడు తగ్గిచ్చిద్ది. నాప్రోక్సెన్ నొప్పి వాపు తగ్గిచ్చిద్ది గానీ లోపల కీలు అరగకుండా ఆపేది ఇదే.

అయితే ఒక్క విషయం మాత్రం మీ ఫ్రిజ్ మీద పెద్దక్షరాలతో రాసి అంటించండి. వారానికి ఒక్కసారి. రోజూ కాదు. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే మా ఇంట్లో జరిగింది. రెండో నెల మందు తేవడానికి మా బావమరిది వెళ్ళాడు, షాపువాడు కవర్ మీద రోజుకి ఒకటి రాత్రి అని పెన్నుతో గీశాడు, మా అమ్మ ఆ కవర్ చూసే వేసింది. నేను ఊళ్ళో లేను. నాలుగో రోజుకి పిల్లోడి నోరంతా పుండ్లు, మంచినీళ్ళు కూడా మింగలేకపోయాడు, తీసుకెళ్తే రక్తకణాలు పడిపోయాయి అని అడ్మిట్ చేసి ఫోలినిక్ యాసిడ్ ఇంజక్షన్లు ఇచ్చారు. ఆరు రోజులు ఉన్నాం. మా అమ్మ ఇప్పటికీ వాడికి మందు వెయ్యదు, ముట్టుకోదు కూడా. అప్పటి నుంచి నేను వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ లో మందు వేసే రోజుకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, వేశాక సున్నాలో టిక్కు పెట్టేవాణ్ణి. స్ట్రిప్ నా దగ్గరే తాళం లోపల ఉండేది.

వారంలో ఏ రోజు వెయ్యాలి అన్నది కూడా చిన్న విషయం కాదు. మేము మొదట ఆదివారం రాత్రి పెట్టుకున్నాం, సోమవారం పొద్దున వికారం, స్కూల్ బస్ లో వాంతి. శనివారం రాత్రికి మార్చాం. స్కూల్ బతికింది గానీ ఆదివారం కోడికూర పోయింది, మావోడికి అది పెద్ద కష్టం అయింది. వాంతి మాత్ర అరగంట ముందు వేసి, అన్నం తిన్నాక పడుకోబోయే ముందు ఇస్తే చాలావరకు తగ్గిద్ది. ఏడాది దాటాక ఆ పసుపు మాత్ర చూస్తేనే కక్కడం మొదలుపెట్టాడు, మామిడి రసం ఇచ్చినా రంగు చూసి పక్కకి తిరిగేవాడు. అప్పుడు మాత్ర ఆపి అదే మందు చర్మం కింద ఇంజక్షన్ చేశారు, ఇన్సులిన్ సూదిలాంటి సన్నసూది, నేనే తొడకి వేసేవాణ్ణి.

ఇంకోటి, వేసిన వెంటనే తగ్గలేదని ఆపకండి. ఆరు వారాల దాకా ఏమీ కనపడలేదు మాకు. మూడో నెలలో తెలిసింది. మొదట్లో రెండు మూడు వారాలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి రక్తకణాలు, లివర్ పరీక్ష తప్పనిసరి. రెండున్నరేళ్ళు వాడాం, ఇప్పుడు ఆపి ఏడాదిన్నర.

పొన్నూరు_రోడ్:

మేడమ్ ఇంగ్లీష్ మందులు పిల్లల లివర్ పాడు చేస్తాయి. మా వైపు ఒకాయన కీళ్ళవాతానికి పొడి ఇస్తాడు, మండలం రోజులు, పుల్లటివి దుంపకూరలు మానాలి, పథ్యం గట్టిగా ఉండాలి. మా చిన్నాన్నకి వారంలో తగ్గింది. నంబర్ కావాలంటే మెసేజ్ పెట్టండి.

కొత్తపేట_సిస్టర్:

వారంలో తగ్గింది అన్నారు చూడండి, అదే నాకు భయం. పాతికేళ్ళ నుంచి వార్డుల్లో చేస్తున్నా. లేబుల్ లేని పొడి వేసుకుని వారంలో కీళ్ళ నొప్పి మాయమైంది అని వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉంటది. మా తోడికోడలు కూతురికి అలాగే ఇచ్చారు, తొమ్మిదేళ్ళ పిల్ల. పక్షం రోజుల్లో మొహం పూర్ణంబూరెలా ఉబ్బింది, బుగ్గల మీద నూగు వచ్చింది, ఆకలి ఆకలి అని తినేది, అందరూ పిల్ల ఒళ్ళు చేసిందని సంతోషపడ్డారు. తర్వాత భయపడి ఒక్కసారిగా ఆపేశారు, అది ఇంకో తప్పు, కళ్ళు తిరిగి పడిపోయింది. స్టెరాయిడ్ అలా టక్కున ఆపకూడదు, మెల్లగా దించాలి. కాబట్టి ఎవరైనా ఇప్పటికే అలాంటి పొడి వాడుతుంటే దాచకుండా డాక్టర్ కి పొట్లం తీసుకెళ్ళి చూపించండి.

ఆయుర్వేదాన్ని తిట్టట్లేదు, చదువుకున్న వైద్యుడు పేరు రాసి ఇచ్చే మందు వేరు, పొట్లం వేరు.

పథ్యం గురించి. ఏ కూర మానినా జేఐఏ తగ్గదు, ఏ కూర తిన్నా రాదు. మన వైపు పుట్టి గోంగూర మానెయ్యమంటే పిల్ల ఏం తినాలి చెప్పండి. వాపు ఉన్న పిల్లలు అసలే సరిగ్గా ఎదగరు, రక్తం తక్కువ ఉంటది, ఉన్న తిండి కూడా కోస్తే ఎలా. పాలు, గుడ్లు, పప్పు, ఆకుకూరలు శుభ్రంగా పెట్టండి.

భవానీపురం_అమ్మ:

బ్రాడీపేట అన్నయ్యగారూ మీ క్యాలెండర్ మాట చదివి మా మావయ్యగారికి కూడా చూపించా. సిస్టర్ గారూ ఇంకో డౌట్ అండి, ఆర్ఏ నెగటివ్ వచ్చాక కూడా కీళ్ళవాతం ఎలా అవుతుంది, ఇదే మాట మా ఇంట్లో రోజూ రెండుసార్లు వింటున్నా. మరి ఆ పెన్సిలిన్ మానెయ్యొచ్చా. ఇంకా... ఆడపిల్ల కదా, రేపు పెళ్ళి పిల్లలు అంటూ మా ఆడపడుచు ఇప్పుడే మొదలుపెట్టింది.

కొత్తపేట_సిస్టర్:

ఆర్ఏ ఫ్యాక్టర్ పెద్దవాళ్ళ లెక్క అమ్మా. జేఐఏ పిల్లల్లో నూటికి అయిదుగురికి అటూ ఇటుగానే అది పాజిటివ్ ఉంటది. మిగతా వాళ్ళందరికీ నెగటివే. ఈ జబ్బు కాగితం మీద తేలేది కాదు, చేత్తో నొక్కి చూస్తే తేలేది. పదహారేళ్ళ లోపు మొదలై, కీలు వాపు ఆరు వారాలు దాటి ఉండి, వేరే కారణం ఏదీ దొరక్కపోతే అప్పుడు ఆ పేరు పెడతారు. పొద్దున బిగుసుకుపోయి ఎండెక్కేసరికి వదలడం అనేది మీరు చెప్పారు చూడండి, దానికున్న విలువ ఆ రిపోర్ట్ కి లేదు. ఎక్స్ రే కూడా మొదట్లో మామూలుగానే వస్తది, అది చూసి ఏమీ లేదు పో అంటారు.

ఏఎస్ఓ పాజిటివ్ అంటే ఈమధ్య గొంతులో స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్ వచ్చి వెళ్ళింది అని. స్కూల్ కెళ్ళే పిల్లల్లో ఎంతమందికి ఉంటదో. రుమాటిక్ ఫీవర్ లో మోకాలు, చీలమండ లాంటి పెద్ద కీళ్ళు పట్టుకుంటాయి, ఇవాళ ఒకటి రేపు ఇంకోటి అని మారుతూ ఉంటది, నొప్పి ఎంతంటే దుప్పటి తగిలినా అరుస్తారు, కొన్ని వారాల్లో పోతది. ఒకే వేలి కణుపు మూడు నెలలు వాచి కూర్చోదు. అయినా పెన్సిలిన్ మీ అంతట మీరు మానకండి, గుండెకి ఎకో తీయించి హైదరాబాద్ డాక్టర్ నే అడగండి, రుమాటిక్ ఫీవర్ కాదని రాతపూర్వకంగా చెప్తే అప్పుడు ఆపండి. నిజంగా ఉన్నవాళ్ళకి ఆ ఇంజక్షనే గుండె వాల్వుల్ని కాపాడేది.

రక్తపరీక్షలో స్మియర్, అంటే రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద, చూశారా లేదా కనుక్కోండి. బ్లడ్ క్యాన్సర్ కూడా అప్పుడప్పుడు పిల్లల్లో కీళ్ళ నొప్పిలాగే మొదలవుద్ది, అందుకే అది లేదని చూసుకోకుండా స్టెరాయిడ్ ఎవరిచ్చినా వద్దనండి. రాత్రిళ్ళు నొప్పికి లేచి ఏడవడం, జ్వరం, పాలిపోవడం లాంటివి మీ పాపకి లేవు కాబట్టి కంగారు పడకండి, కానీ చూసుకోవాలి.

మందు మీద ఉన్నంత కాలం మీజిల్స్, చికెన్ పాక్స్ లాంటి బతికున్న క్రిములతో చేసే టీకాలు డాక్టర్ ని అడక్కుండా వేయించకండి. పక్కింట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే పిల్లని అటు పంపకండి, ఒకవేళ కలిసి ఆడుకుని ఉంటే ఆరోజే డాక్టర్ కి ఫోన్ చెయ్యండి. సెప్ట్రాన్ లాంటి సల్ఫా మందులు ఈ మాత్రతో కలవకూడదు, దగ్గు జలుబుకి వెళ్ళినా సరే ముందు మెథోట్రెక్సేట్ మీద ఉంది అని చెప్పండి.

సత్యనారాయణపురం_24:

పెళ్ళి సంగతి నేను చెప్తా అక్కా, ఎందుకంటే నేనే ఆ పిల్లని. నాలుగేళ్ళకి వచ్చింది, ఇప్పుడు ఇరవై నాలుగు, సాఫ్ట్‌వేర్, రోజంతా కీబోర్డ్ మీదే. ఆ మందు వాడినంత మాత్రాన తర్వాత పిల్లలు పుట్టకపోవడం ఏమీ లేదట, కాకపోతే గర్భంలో బిడ్డకి హాని చేస్తుంది కాబట్టి ప్లాన్ చేసుకునే ముందు కొన్ని నెలలు డాక్టర్ చెప్పి ఆపిస్తారు. మీ పాపకి ఆరేళ్ళు. మీ ఆడపడుచుని ఇంకో పద్దెనిమిదేళ్ళు ఆగమనండి.

నేను చెప్పాలనుకుంది కళ్ళ గురించి. మీరు పోస్ట్ లో ఒక్క లైన్ లో కళ్ళ పరీక్ష అని రాసి వెళ్ళిపోయారు, మా అమ్మా నాన్నా కూడా అప్పట్లో అలాగే విని వదిలేశారు. నాకు వేళ్ళు, మోకాలు బాగా తగ్గాయి, అందరం సంతోషం. ఎనిమిదో క్లాసులో బోర్డ్ కనపడట్లేదు అంటే అద్దాలు అనుకుని బీసెంట్ రోడ్డులో కళ్ళజోడు షాపుకి వెళ్ళాం. ఆయన మంచివాడు, ఇది అద్దాల పని కాదు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి అన్నాడు. యువైటిస్, కంటి లోపల ఏళ్ళ తరబడి వాపు ఉండి కంటిపాప అంచు లోపల అతుక్కుపోయింది, శుక్లం వచ్చింది. పదమూడేళ్ళకి కాటరాక్ట్ ఆపరేషన్ అంటే మా క్లాసులో ఎవరూ నమ్మలేదు. ఎడమ కన్ను ఇప్పటికీ సగమే.

ఎర్రబడలేదు, నీళ్ళు కారలేదు, నొప్పి లేదు. ఏమీ తెలియదు, అదే దాని మోసం. స్లిట్ ల్యాంప్ అనే మిషన్ కి గడ్డం ఆనించి చూస్తేనే కనపడుతుంది. చిన్న వయసులో వచ్చినవాళ్ళకి, అందులో ఏఎన్ఏ అనే రక్త పరీక్ష పాజిటివ్ ఉన్న ఆడపిల్లలకి రిస్క్ ఎక్కువ, వాళ్ళని మూడు నెలలకోసారి చూపించమంటారు. కీళ్ళు బాగున్నా సరే కళ్ళకి వెళ్ళాల్సిందే. రేపే వెళ్ళండి, మాత్ర కంటే ముందు.

తెనాలి_తల్లి:

నేను చెప్పేది భవానీపురం గారికి కాకపోవచ్చు, వేరే ఎవరైనా చదువుతారని రాస్తున్నా. మా బాబుకి నాలుగేళ్ళప్పటి నుంచి వేళ్ళ కణుపులు లావు. జేఐఏ అని మూడేళ్ళు మెథోట్రెక్సేట్ వాడాం, ఒక్క కణుపు తగ్గలేదు. ఎంతమందికి చూపించామో. చివరికి వెల్లూరు సీఎంసీ కి వెళ్ళాం, కాట్పాడిలో దిగి. అక్కడ డాక్టర్ వేలు నొక్కి, ఇది మెత్తటి వాపు కాదు, ఎముకే లావైంది అన్నారు. ముట్టుకుంటే వేడి లేదు, ఈఎస్ఆర్ ఎప్పుడు చూసినా మామూలే. వెన్ను ఎక్స్ రే తీస్తే పూసలు చదునుగా ఉన్నాయి. తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న, మీది మేనరికమా అని.

మాది మేనరికమే. మా మేనమామ కొడుకునే చేసుకున్నా. పీపీఆర్డీ అంటారట, జీన్ వల్ల వచ్చేది, తల్లీ తండ్రీ ఇద్దరిలో ఆ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. కీళ్ళవాతంలా కనపడుతుంది గానీ వాతం కాదు, వాపు మందులు పనిచెయ్యవు, ఫిజియోథెరపీ చేయిస్తూ ఉండాలి, పెద్దయ్యాక తుంటి మార్పిడి అవసరం పడొచ్చు. జబ్బు పేరు తెలిసినందుకు ఆరోజు ఏడ్చానో, మూడేళ్ళు ఊరికే వాంతులు చేయించినందుకు ఏడ్చానో నాకే తెలీదు. కాట్పాడి ప్లాట్‌ఫాం మీద బాబు నా కొంగు పట్టుకుని ఇంక ఆ మాత్ర వద్దా అమ్మా అని అడిగాడు. వద్దు నాన్నా అన్నా.

మీ పాపకి ఈఎస్ఆర్ 48 ఉంది, పొద్దున బిగుతు ఉండి తర్వాత వదులుతోంది, మీది అసలైన జేఐఏ నే అనిపిస్తోంది. కానీ మీదీ దగ్గరి సంబంధం అయితే ఒక మాట డాక్టర్ చెవిన వెయ్యండి.

భవానీపురం_అమ్మ:

మాది కూడా మేనరికమే అండి. మావారికి నేను అక్కకూతుర్ని కాదు, ఆయన మా మేనత్త కొడుకు. రేపే ఫోన్ చేసి అడుగుతా.

పటమట_ఫిజియో:

ఎవరూ చేతి వ్యాయామం గురించి చెప్పలేదు కాబట్టి నా వంతు. నేను ఫిజియోథెరపిస్ట్ ని. మందు వాపు తగ్గిస్తుంది, కానీ ఇన్ని నెలలు వంగి ఉండిపోయిన వేలు దానంతట అది చాపుకోదు. ఆ పని మనమే చెయ్యాలి.

పొద్దున్నే ఇంకో పదిహేను నిమిషాలు ముందు లేపి, బేసిన్ లో గోరువెచ్చటి నీళ్ళు పోసి చేతులు ముంచమనండి, నీళ్ళలోనే మెల్లగా పిడికిలి మూయడం తెరవడం. స్పాంజ్ ముక్క వేస్తే పిండుతూ ఆడుకుంటారు. ఆ తర్వాత గుండీలు తననే పెట్టుకోమనండి, టైం పట్టినా సరే, మీ చెయ్యి వెనక్కి పెట్టుకోండి. సాయంత్రం చపాతీ పిండి ముద్ద ఒకటి తనకివ్వండి. పిండిని చేత్తో నొక్కి చదును చెయ్యమనాలి, వేళ్ళు పూర్తిగా చాపి అరచేతితో. పాములు చేస్తుంది, గోళీలు చేస్తుంది, చెయ్యనివ్వండి. దణ్ణం పెట్టడం కూడా మంచి వ్యాయామమే, మేము క్లినిక్ లో చేతి కీళ్ళు చూసేదే దాంతో. రోజూ దేవుడి దగ్గర పది అంకెలు లెక్కపెట్టేదాకా అరచేతులు ఒకదానికొకటి నొక్కి ఉంచమనండి, గూడు ఎంత ఉందో పదిహేను రోజులకోసారి ఫోటో తీసి పెట్టుకోండి.

వాచి, వేడిగా ఉన్న కీలుని బలవంతంగా లాగొద్దు. మెటికలు విరిచేవాళ్ళ దగ్గరికి, నూనె రాసి లాగేవాళ్ళ దగ్గరికి అస్సలు వద్దు, నా దగ్గరికి అలా లాగించుకుని వచ్చిన పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఎక్కువ రోజులు కట్టు కట్టి కదలకుండా ఉంచడం కూడా తప్పే, మీకు అనుభవమే కదా. రాత్రిపూట మాత్రం చేతి కొలతకి చేసిన స్ప్లింట్ పెట్టుకుంటే మణికట్టు వంగకుండా ఉంటుంది.

స్కూల్ కి డాక్టర్ ఉత్తరం ఇవ్వండి. పెన్సిల్ కి సైకిల్ ట్యూబ్ ముక్క తొడిగితే లావవుతుంది, పట్టు సులువు. రాత పరీక్షకి కొంచెం ఎక్కువ టైం అడగండి. నీళ్ళ బాటిల్ మూత, టిఫిన్ బాక్స్ మూత ఇప్పటి నుంచే వదులుగా ఉండేవి కొనండి, బిగుతు మూత రాక అన్నం తినకుండా తెచ్చే పిల్లలున్నారు, అడిగితే ఆకలి లేదు అంటారు. ఆటలు మాన్పించొద్దు. తనకి నొప్పి అనిపిస్తే తనే కూర్చుంటుంది.

బ్రాడీపేట_నాన్న:

టిఫిన్ బాక్స్ సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం, మావోడు నెల రోజులు చేశాడు అలా. అమ్మా భవానీపురం, మందు పని చెయ్యకపోతే ఎలా అని కూడా ఆలోచిస్తుంటారు, మూడు నెలలు పూర్తి డోసు వేసినా తగ్గకపోతే బయోలాజిక్స్ అనే ఇంజక్షన్లు ఉన్నాయి, ఎటనర్సెప్ట్, అడాలిముమాబ్. ఖరీదు ఎక్కువే గానీ మన దేశంలో తయారైనవి వచ్చాక కొంత దిగింది. వాటికి ముందు టీబీ ఉందో లేదో పరీక్ష చేస్తారు. ఒకటి రెండు కీళ్ళే మొండికేస్తే ఆ కీలులోకే స్టెరాయిడ్ ఇంజక్షన్ ఒకటి ఇస్తారు, మావోడికి మణికట్టుకి ఇచ్చారు, బాగా పనిచేసింది. సిస్టర్ గారు చెప్పిన పొట్లం స్టెరాయిడ్ కీ దీనికీ సంబంధం లేదు. ఖర్చు దగ్గర ఇబ్బంది అయితే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రిలో, ఆ పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని అడగండి, సిగ్గుపడొద్దు.

భవానీపురం_అమ్మ:

మూడున్నర నెలలైంది, మధ్యలో మెసేజ్ లు పెట్టినవాళ్ళకి జవాబు ఇవ్వలేదు, సారీ అండి. చెప్తా.

ముందు కళ్ళు చూపించాం. ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది, కళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, మూడు నెలలకి రమ్మన్నారు, నిన్న రెండోసారి కూడా వెళ్ళొచ్చాం, బాగున్నాయి. సత్యనారాయణపురం చెల్లెమ్మా, ఆ మిషన్ కి గడ్డం ఆనించిన ప్రతిసారీ నువ్వే గుర్తొస్తావు. మేనరికం మాట డాక్టర్ గారికి చెప్తే వెన్ను, చేతుల ఎక్స్ రేలు మళ్ళీ చూశారు, పూసలు మామూలుగా ఉన్నాయి, చేతులకి అల్ట్రాసౌండ్ తీస్తే కీలు పొర వాచి నీరు చేరి ఉంది, అంటే జేఐఏ నే. ఎకో నార్మల్, పెన్సిలిన్ ఆపమని కాగితం మీద రాసిచ్చారు, ఆ కాగితాన్ని మా పిల్ల స్కూల్ బ్యాగులో పెట్టుకుని తిరిగింది రెండు రోజులు.

మాత్ర శనివారం రాత్రి. మావారే వేస్తున్నారు, క్యాలెండర్ లో టిక్కు కూడా ఆయనే, నీ ఇష్టం అనడం మానేశారు. మొదటి అయిదు వారాలు ఏమీ మార్పు లేక నేను మళ్ళీ ఊగిసలాడా. ఏడో వారం అనుకుంటా, స్కూల్ నుంచి వచ్చి సాక్సులు తనే లాక్కుంది. రక్తపరీక్షల్లో లివర్ అంకె ఒకసారి కొంచెం పెరిగితే ఒక వారం ఆపించి మళ్ళీ మొదలుపెట్టించారు. ఈఎస్ఆర్ 19 కి వచ్చింది. ఎడమ ఉంగరం వేలు మామూలైంది. కుడి మధ్యవేలు ఇంకా పూర్తిగా చాపలేదు, ఫిజియో గారు చెప్పిన ఫోటోలు వరసగా పెట్టి చూస్తే గూడు చిన్నదవుతోంది, బఠాణీ గింజ పట్టేంత ఉంది ఇప్పుడు. డాక్టర్ గారు ఇంకో రెండు నెలలు చూసి ఆ ఒక్క వేలుకి ఇంజక్షన్ సంగతి ఆలోచిద్దాం అన్నారు.

మా అత్తయ్యగారు చపాతీ పిండి డ్యూటీ తీసుకున్నారు. ఇద్దరూ కూర్చుని పాములు చేస్తారు, మా ఇంట్లో చపాతీలు ఒక్కటీ గుండ్రంగా రావట్లేదు. మొన్న ఆదివారం గోంగూర పప్పు చేశా. పిల్ల స్పూన్ పక్కన పెట్టి చెయ్యి కడుక్కుని వచ్చి కలుపుకుంది, ముద్ద సరిగ్గా కూడలేదు, మెతుకులు సగం కంచం బయటే. మా అత్తయ్యగారు బయటపడ్డ మెతుకులు ఏరి పక్కన పెడుతూ కూర్చున్నారు గానీ గోంగూర గురించి ఒక్కమాట అనలేదు.

ఒక్కటి అడగాలి బ్రాడీపేట అన్నయ్యగారూ, ఆదివారం పొద్దున వికారం ఇంకా ఉంటోంది, వాంతి మాత్ర ఇంకోటి పొద్దున్నే కూడా వేసేవాళ్ళా మీరు?

బ్రాడీపేట_నాన్న:

వేసేవాళ్ళం, డాక్టర్ ని అడిగే. మీరూ అడిగి వెయ్యండి. లేవగానే రెండు ఉప్పు బిస్కెట్లు పెట్టండి, ఆ తర్వాతే పాలు.